ఇంటి ముచ్చట: కుంకుడు రసం కాచుకుందాం



ఈసారి మూడు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి సునాబెడ నుంచి, ఒకటి జేకేపురం నుంచి, ఇంకొకటి గుణుపురం నుంచి. ముగ్గురూ ఒకరికొకరు తెలియని వాళ్ళే గాని అడిగింది మాత్రం ఒక్కటే. కుంకుడుకాయలు, శీకాయ ఉడకబెట్టి ఇంట్లోనే షాంపూ చేసి సీసాలో పోసి పెట్టుకున్నారట. నాలుగో రోజుకి పులిసిన వాసన, ఆరో రోజుకి పైన తెల్లటి పొర. పాడవకుండా నెల రోజులు ఉండాలంటే ఏం కలపాలి అని ప్రశ్న. గుణుపురం సోదరి ఇంకో అడుగు ముందుకు వేసి, నిమ్మరసం పిండితే చాలని ఎవరో చెప్పారు, నిజమేనా అని కూడా అడిగారు.

నిజం కాదండీ. పొద్దున పెట్టిన చారు నెలాఖరు దాకా ఉండాలంటే ఏం కలపాలని మనం ఎవరినైనా అడుగుతామా? అడగం. ఆ పూటకి కాచుకుంటాం, మిగిలితే మర్నాటికి వేడి చేసుకుంటాం, అంతే. కుంకుడు రసం కూడా అటువంటిదే. కాయలో నురుగు ఒక్కటే లేదు, తీపి కూడా ఉంది. శీకాయలో, మెంతుల్లో, మందారాకులో పిండి, జిగురు ఉన్నాయి. వాటిని నీళ్ళలో ఉడకబెట్టి గోరువెచ్చగా వంటింటి గట్టు మీద ఉంచితే మనకంటే ముందు బూజుకి విందు. అంగడి షాంపూ రెండేళ్ళు చెడకుండా ఉంటోందంటే అందులో చెడకుండా ఉంచే మందులు లెక్క ప్రకారం కలిపారు కాబట్టి. మనం రెండు నిమ్మచుక్కలు పిండి ఆ పని చేయలేం. ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు. ఐసు గడ్డల ట్రేలో పోసి గడ్డ కట్టించి, వారానికి రెండు మూడు గడ్డలు తీసి వేణ్ణీళ్ళలో కరిగించుకుంటే నెల దాకా లాగవచ్చు. అయితే ఆ ట్రేని మళ్ళీ మంచినీళ్ళకి వాడకండి, ఎంత కడిగినా మజ్జిగలో కుంకుడు రుచి తగులుతుంది. పొర కట్టినదాన్ని, వాసన మారినదాన్ని వడకట్టి వాడే పొదుపు మాత్రం వద్దు. పిల్లల తల మీద ఎక్కడో చిన్న గీరుడు ఉంటుంది, దాంట్లోకి ఆ బూజు నీళ్ళు పోయడం ఎందుకు?

అసలు దీనికి షాంపూ అని పేరు పెట్టడం వల్లనే ఈ చిక్కంతా వచ్చిందనిపిస్తుంది నాకు. షాంపూ అనగానే మన కంటికి సీసా కనిపిస్తుంది, సీసా అనగానే నిలవ ఉండాలనిపిస్తుంది. ఆ మాట మాత్రం మన దేశానిదే. చాంపో అంటే హిందీలో ఒత్తు, మర్దనా చెయ్యి అని. పాట్నాలో 1759లో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన ఇంగ్లండు వెళ్ళి బ్రైటన్ పట్నంలో ఆవిరి స్నానాలు, ఒళ్ళు పట్టడం మొదలుపెట్టి, చివరికి అక్కడి రాజులకే షాంపూయింగ్ సర్జన్ అనిపించుకున్నాడు. అప్పటికి షాంపూ అంటే ఒళ్ళు పట్టడమే. తల రుద్దుకోవడం అనే అర్థం 1860ల నాటికి గాని రాలేదు. మన తలంటు సంగతి చూడండి, అదీ అంతే! అంటడం అంటే పూయడం, రాయడం. తలకి నూనె అంటి మర్దనా చేయడమే తలంటు, నీళ్ళు పోయడం ఆ తరువాతి పని. రెండు భాషల వాళ్ళూ కడుక్కోవడాన్ని కాక మర్దనానే పేరుగా పెట్టుకున్నారన్నమాట. ఇవాళ మనం చేస్తున్నది మాత్రం మర్దనా వదిలేసి నురుగు పట్టుకోవడం.

సరే, కాయల దగ్గరికి వద్దాం. మన జిల్లాల వాళ్ళకి ఇందులో ఒక అదృష్టం ఉంది. కుంకుడు పల్లపు చెట్టు. విజయనగరం, పార్వతీపురం వైపు పెరళ్ళలోనూ పొలం గట్ల మీదా కనిపిస్తుంది. శీకాయ కొండది. ముళ్ళ తీగ, పెద్ద చెట్లను పట్టుకుని పైకి పాకుతుంది. మనం రెంటికీ నడుమ ఉన్నాం. రాయగడ సంతలో నిలబడితే కింద నుంచి రైల్లో వచ్చిన కుంకుడుకాయా దొరుకుతుంది, పైనుంచి నెత్తి మీద దిగిన శీకాయా దొరుకుతుంది. హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచుకి ఇవి పంపితే బంగారం పంపినట్టు సంబరపడుతుంది.

కొనేటప్పుడు పేరు దగ్గర తికమక పడకండి. కుంకుడుకాయని ఒడియాలో రిఠా అంటారు, సంస్కృతంలో ఫేనిలం, అంటే నురుగు గలది. మన వైపు కాయలు రెండేసి మూడేసి ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, తోలు ముడతలు పడి ఎర్రటి గోధుమరంగులో ఉంటుంది. దుకాణాల్లో ఒక్కొక్కటిగా గుండ్రంగా, కాస్త పెద్దగా, బంగారు రంగులో మెరిసేవి కూడా అమ్ముతారు. అవి హిమాలయాల వైపు పెరిగే వేరే జాతి. రెండూ నురుగు ఇస్తాయి, రెండూ వాడవచ్చు, మోసమేమీ లేదు. మోసం ఉండేది పాత సరుకులో. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల గింజ గలగలలాడాలి, తోలుని వేళ్ళతో నొక్కితే కాస్త జిగురుగా సాగినట్టు అనిపించాలి. పొడిపొడిగా రాలిపోతే పురుగు తిన్నదని లెక్క. తెల్లటి బూజు మచ్చలున్నవి అసలు తీసుకోకండి. శీకాయ అయితే విరిస్తే టక్కున విరగాలి. వంగితే ఎండలేదని అర్థం, డబ్బాలో పెడితే బూజు పడుతుంది.

నేను శీకాయని వీలైనంత వరకు సంతలోనే కొంటాను. చాటికోన బుధవారం సంత, కుందులి శుక్రవారం సంత మీకు తెలిసినవే. చాటికోనకి నియమగిరి మీది నుంచి డొంగరియా కొందులు దిగుతారు. వాళ్ళలో మగవాళ్ళు కూడా జుట్టు పెంచి ముడి వేసుకుంటారు, ఆడవాళ్ళు పాపిటకి అటూ ఇటూ వరసగా క్లిప్పులు పెట్టుకుంటారు. జుట్టు విషయంలో మనకంటే వాళ్ళకే శ్రద్ధ ఎక్కువని నాకనిపిస్తుంది. పసుపు, అల్లం, చింతపండు, కొండచీపుళ్ళు, వాటి మధ్యన ఋతువు వస్తే శీకాయ గుట్ట. మాణం డబ్బాతో కొలిచి పోస్తారు. అక్కడ మనవాళ్ళ బేరాలు చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఊళ్ళో దుకాణంలో సీసా మీద అచ్చేసిన ధర నోరెత్తకుండా ఇచ్చి వచ్చినవాళ్ళే, ముళ్ళ పొదలో చేతులు గీరుకుని ఏరి, తెల్లవారకముందే మూట ఎత్తుకుని కొండ దిగిన మావుసీ దగ్గర ఐదు రూపాయలకి పావుగంట తగువు పెట్టుకుంటారు. దారిలోనే కాచుకుని సగం ధరకి మూటలు లాగేసే చిల్లర వర్తకులు ఒకవైపు ఉండనే ఉన్నారు. అడవి సరుకుకి కనీస మద్దతు ధర పథకం 2013-14లో మొదలయ్యాక, తరువాత పెంచిన జాబితాలో ఎండు శీకాయా ఎండు కుంకుడుకాయా కూడా చేరాయి. జాబితాలో ఉండటం వేరు, మావుసీ కొంగు ముడిలోకి ఆ డబ్బు చేరడం వేరు. సంతకి వెళ్ళలేని వాళ్ళు విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో అడగవచ్చు. పార్వతీపురం వెళ్ళినప్పుడు తెచ్చుకుంటే సరి.

ఇక కాచడం. ఇద్దరికి, నడుము దాకా కాకపోయినా వీపు దాకా జుట్టున్న ఇద్దరికి, నా లెక్క ఇది. కుంకుడుకాయలు 12 కొట్టి గింజలు తీసేయాలి. నురుగు తోలు గుజ్జులోనే ఉంది, గింజలో లేదు. నల్లటి ఆ గింజలు పిల్లలకి ఇచ్చేయండి, ఆడుకుంటారు, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలైతే ఇవ్వకండి. శీకాయలు 7 లేక 8, ముక్కలుగా విరిచి. మెంతులు ఒక చెంచా. ఎండు ఉసిరి ముక్కలు నాలుగు, ఉంటేనే. ఇవన్నీ స్టీలు గిన్నెలో లీటరు నీళ్ళు పోసి రాత్రి నానబెట్టాలి. గిన్నె మాత్రం మూడు లీటర్లు పట్టేది తీసుకోండి. ఎందుకో పొద్దున మీకే తెలుస్తుంది, పాలు పొంగినట్టు పొంగుతుంది, కాని పాలలాగా చెప్పి పొంగదు. సన్నటి సెగ మీద పదిహేను నిమిషాలు చాలు. దించి చల్లారాక చేత్తో బాగా పిసికి, పాత నూలు చీర ముక్కలో వడకట్టాలి. జల్లెడ వద్దు, శీకాయ నలుసులు దాటిపోయి జుట్టులో ఇరుక్కుంటాయి, తరువాత చుండ్రని కంగారు పడతారు.

మందారాకు ఇందులో వేసి ఉడికించకండి. గుప్పెడు ఆకు విడిగా చన్నీళ్ళలో నలిపితే సాగే జిగురు వస్తుంది, దాన్ని వడకట్టి చివర్లో కలుపుకోవాలి. చిక్కు పడకుండా దువ్వెన జారేలా చేసేది ఆ జిగురే. మందారం దొరకని రోజున పలచటి గంజి. మా అత్తయ్యగారు గంజి తప్ప ఇంకోటి ఎరగరు, ఎనభై ఏళ్ళకీ ఆవిడ జడ నా జడ కంటే లావు. అందులో గంజి పాలెంత, ఆవిడ పుట్టింటి పాలెంత అన్నది వేరే సంగతి.

ఇది ఎలా పనిచేస్తుందో చిన్నపిల్లలు అడిగితే చెప్పడానికి వీలుగా రెండు మాటలు. కుంకుడులో, శీకాయలో ఉండే నురుగు పదార్థాన్ని సాపోనిన్ అంటారు. దాని ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస నూనెని పట్టుకుంటుంది. జిడ్డుని అలా లాగి నీళ్ళతో పంపేస్తుంది. సబ్బు చేసేదీ అదే. తేడా ఎక్కడంటే, బోరు నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉన్నచోట సబ్బు ఆ నీటిలోని సున్నపు లవణాలతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. జుట్టు పీచులా తయారయ్యేది ఆ తెట్టు వల్ల. సాపోనిన్ అలా తెట్టు కట్టదు. పైగా సబ్బు క్షారం, ఇది కొంచెం పులుపు. పులుపుకి వెంట్రుక మీది పొలుసులు అణిగి నునుపుగా ఉంటాయి. శీకాయ లేత చిగుళ్ళని చింతచిగురులా పప్పులో వేసుకునేది ఆ పులుపు కోసమే. పట్టుచీరలు, వెండి సామాను కుంకుడు నీళ్ళతో కడగమని పెద్దవాళ్ళు చెప్పడంలో కూడా ఇదే మర్మం, మెత్తగా కడుగుతుంది.

మెత్తగా కడుగుతుంది అంటే గట్టిగా కడగలేదు అని కూడా అర్థం. గిన్నెడు ఆముదం పట్టించి ఒక్క చెంబు రసంతో వదలాలంటే వదలదు. అప్పుడు కుంకుడు పని చేయలేదని నింద. నూనె తగ్గించండి, లేదా ముందు పెసరపిండి రుద్ది జిడ్డు సగం పీల్చాక రసం పోసుకోండి. పొడిబారే జుట్టుకి కుంకుడు తగ్గించి శీకాయ పెంచాలి, జిడ్డు తలకి అటుది ఇటు. ఇంత ఓపిక లేని వారాల్లో, ఉద్యోగాలకి పరుగెత్తే ఆడపిల్లలు అంగడి షాంపూ వాడుకుంటే కొంపేమీ మునగదు. 1983లో కడలూరులో మొదలైన చిక్ కంపెనీ లాంటివాళ్ళు చిన్న ప్యాకెట్లలో అమ్మి పల్లెపల్లెకీ షాంపూ చేర్చారు. దాన్ని నేను తప్పు పట్టను, రోజుకూలీ ఇంటి ఆడపిల్లకి కూడా శుభ్రమైన తల అందింది కదా. తప్పు పట్టేది బొమ్మలని. ప్యాకెట్టు మీద శీకాయ బొమ్మ అరచేయంత వేసి, లోపల ఏమున్నదో చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. అద్దాలు పెట్టుకుని ఆ చీమ తలకాయలు ఒకసారి చదవండి. శీకాయ ఎన్నోదిగా వచ్చిందో చూస్తే ఎంత కలిపారో తెలిసిపోతుంది, ఎక్కువ ఉన్నవి ముందు రాస్తారు.

కాచే ఓపిక లేనివాళ్ళకి పొడి మేలు. పొడిలో నీరు లేదు కనుక బాగా ఎండితే ఆరు నెలలు ఉంటుంది. కిలో శీకాయకి పావుకిలో కుంకుడు తోలు, వంద గ్రాముల మెంతులు, వంద గ్రాముల పెసలు, నీడన ఎండిన మందారపూలు, కరివేపాకు ఇంట్లో ఉన్నంత. కుంకుడు తోలు సరిగ్గా ఎండకపోతే మరలో ముద్ద కట్టి మర వాడు మనల్ని తిడతాడు, కాబట్టి రెండు ఎండలు ఎక్కువే పెట్టండి. ఇంకో సంగతి, మరకి వెళ్ళగానే మనకంటే ముందు ఏం ఆడించారో అడగండి. బియ్యమైతే సరే, కారమైతే ఇంటికి వచ్చేయండి! మా వీధిలో ఒక వదినగారు కారం తరువాత ఆడించిన శీకాయతో భోగినాడు పిల్లలకి తలలంటారు, ఆ ఏడుపులు మజ్జిగౌరి గుడి దాకా వినిపించి ఉంటాయి. ఆడించేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, శీకాయ ధూళికి తుమ్ములు ఆగవు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ దరిదాపులకే వెళ్ళవద్దు.

కళ్ళ సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. కుంకుడు రసం కంట్లో పడితే మామూలు మంట కాదు, కంటి నల్లగుడ్డు పై పొర కమిలిపోయే ప్రమాదం ఉంది. మనకి చిన్నప్పుడు ఉప్పుకల్లు నోట్లో పెట్టేవారు, మంట పోతుందని. ఉప్పుకల్లు పని ఏమిటంటే పిల్ల ఏడుపు మాని చప్పరించడంలో పడుతుంది, అంతే, కంటికి దానివల్ల ఏమీ కాదు. కంటికి కావలసింది చన్నీళ్ళు. రెప్పలు తెరిచి పట్టుకుని పది పదిహేను నిమిషాలు ధారగా పోస్తూనే ఉండాలి. గంటకీ ఎరుపు తగ్గకపోయినా, వెలుతురు చూడలేకపోతున్నా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పోసేటప్పుడే పిల్లని ముందుకి వంచక వెనక్కి వాల్చి పోస్తే ఇంత అవస్థ రాదు. ఇంట్లో చేపల తొట్టి ఉన్నవాళ్ళు ఆ చేతులు అందులో ముంచకండి, సాపోనిన్ చేపలకి విషం. కొండల్లో కొన్ని చెట్ల కాయలు, బెరళ్ళు దంచి మడుగులో కలిపి చేపలు పట్టేది ఈ గుణం వల్లనే.

జేకేపురం సోదరి ఉత్తరంలో చివర ఇంకో వాక్యం ఉంది. అమ్మాయికి జుట్టు విపరీతంగా ఊడుతోంది, ఏది కలిపితే ఆగుతుంది అని. నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, అసలు ఈసారి ఈ ముచ్చట రాయడానికి కారణమూ ఇదే.

మూడేళ్ళ క్రిందట మా వీధిలో పదో తరగతి చదివే పిల్ల ఉండేది. దువ్వితే దువ్వెన నిండా, పడుకుంటే దిండు నిండా జుట్టు. నాయనమ్మ షాంపూ ప్యాకెట్లని తిట్టింది. తల్లి బోరు నీళ్ళని తిట్టింది. తండ్రి విశాఖ వెళ్ళినప్పుడల్లా ఒక కొత్త సీసా, కొత్త నూనె తెచ్చాడు, నెల జీతంలో చెప్పుకోదగ్గ ముక్క వాటికే పోయేది. చివరికి గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని నిశ్చయించారు. ఆ పిల్ల బడికి వెళ్ళడం మానేసింది. పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. తల్లి నా దగ్గరికి వచ్చి, పిన్నీ, మీ కుంకుడు రసం కాచి ఇవ్వండి, గుండు చేయించే ముందు అది కూడా చూస్తాం అంది.

కాచి ఇచ్చాను. ఇస్తూ, పిల్లకి ఈ మధ్య జ్వరం ఏమైనా వచ్చిందా అని అడిగాను. దసరాలకి మలేరియా వచ్చి పది రోజులు పడుకుందట. అప్పటికి సంక్రాంతి దగ్గర పడింది. లెక్క సరిపోయింది. గట్టి జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు కుప్పలుగా రాలుతుంది. జ్వరం దెబ్బకి చాలా వెంట్రుకలు ఒక్కసారిగా ఎదుగుదల మానేసి, ఆ తరువాత అన్నీ ఒకేసారి ఊడతాయి. కుదురు చావదు కాబట్టి మళ్ళీ మొలుస్తాయి. కానీ మధ్యలో నెలలు గడిచిపోతాయి గనుక జ్వరాన్ని ఎవరూ తలుచుకోరు, చేతిలో ఉన్న షాంపూనే అనుమానిస్తారు. టైఫాయిడుకీ ఇదే కథ, కాన్పుకీ ఇదే కథ. బాలింతలకి మూడో నెలలో ఊడటం మొదలై, ఏడాది తిరిగేసరికి చాలామందికి సర్దుకుంటుంది. కోడలు అంగడి షాంపూ వాడి జుట్టు పోగొట్టుకుందని అనే అత్తగార్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలని మనవి.

డాక్టరుకి చూపించమన్నాను. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8 ఉంది. ఆ వయసు ఆడపిల్లకి 12 ఉండాలి. ఇనుము మాత్రలు, తిండి. గుండు చేయించలేదు. గుండు చేస్తే ఒత్తుగా రావడమన్నది కూడా వట్టి మాటే, కత్తి తగిలేది చర్మం పైని వెంట్రుకకి, కుదురుకి కాదు. పిల్ల మళ్ళీ బడికి వెళ్ళింది, పరీక్షలు రాసింది. వేసవి సెలవులు అయ్యేసరికి నుదుటి మీద అంగుళం పొడుగు పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుని, నూనె రాసినా అణగక, ఆ పిల్లకి అదో చిరాకు! నా కుంకుడు రసం వల్ల వచ్చిందని తల్లి ఇప్పటికీ నలుగురితో చెబుతుంది, నేను కాదన్నా వినదు.

మన కోరాపుట్, రాయగడ జిల్లాలు మలేరియాకి పెట్టింది పేరు. 2017లో దమన్ కార్యక్రమం మొదలుపెట్టి మారుమూల ఊళ్ళకి వెళ్ళి పరీక్షలు చేశాక బాగా తగ్గింది గాని పూర్తిగా పోలేదు. అందుకని మన ఇళ్ళలో జుట్టు ఊడుతోందంటే క్యాలెండరు తీసి మూడు నెలలు వెనక్కి చూడటం మంచిది. ఆడపిల్లకి రక్తం తక్కువా, నెలసరి ఎక్కువగా అవుతోందా, గొంతు దగ్గరి థైరాయిడు సరిగ్గా ఉందా అన్నది డాక్టరు చూస్తారు. నాణెమంత మేర ఒకేచోట నున్నగా ఊడినా, తల మీద ఎర్రగా పుండ్లు పడి చీము కారినా కుంకుడుతో కాలయాపన చేయకండి. కుంకుడు రసం తల కడుగుతుంది. జుట్టు మొలిపించదు, నెరుపుని నలుపు చేయదు, పేలని నమ్మకంగా చంపదు. ఇనప మూకుడులో ఉసిరి ఉడికిస్తే నల్లబడుతుంది కదా అంటారు. అది ఉసిరిలోని వగరు ఇనుముతో కలిసి వచ్చే రంగు, వెంట్రుక పైన కాస్త అంటుకుంటుంది, నాలుగు తలంట్లకి పోతుంది. సరదాకి చేసుకోండి, తప్పులేదు.

చలికాలంలో మన కోరాపుట్ గట్టు మీద తల ఆరడం ఒక పెద్ద పని. దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు, పొద్దున పది దాకా మంచు విడవదు. దీపావళి ముందు నరక చతుర్దశికి తెల్లవారుజామున తలంటాలి గనుక పెద్దవాళ్ళకి, జలుబు చేసే పిల్లలకి గదిలో కుంపటి మీద సాంబ్రాణి వేసి ఆరబెట్టేవారు. కుంపటి పెట్టినప్పుడు కిటికీ ఒక రెక్క తీసి ఉంచండి, మూసిన గదిలో బొగ్గుల పొగ ప్రాణానికే ముప్పు. ఆ రోజుకి కాయలు త్రయోదశి రాత్రే నానవేసుకుంటే తెల్లవారుజామున తడుముకోనక్కరలేదు.

సునాబెడ సోదరి తమ ఇంట్లో కుంకుడుతో పాటు ఏదో కొండ ఆకు కలుపుతారని, పేరు తెలియదని రాశారు. ఒక రెమ్మ కాగితాల మధ్య ఆరబెట్టి, సంతలో దాన్ని ఏమని పిలుస్తారో కూడా రాసి పంపమని కోరుతున్నాను. తెలియని ఆకుని తలకి మాత్రం పెట్టకండి, ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒక రోజు చూడండి. పొడి ఆడించుకోవాలనుకునే వాళ్ళు చైత్రం వెళ్ళేలోగా ఆడించుకోండి. కొత్త కాయ అప్పుడే వస్తుంది, ఎండా ఉంటుంది. ఆషాఢం వచ్చిందంటే మన వానల్లో దండెం మీది తువ్వాలే ఆరదు, శీకాయ ఎక్కడ ఎండుతుంది?